బాధను బొమ్మగా వేస్తే తగ్గుతుందా, పెరుగుతుందా?

మద్దిలపాలెం_అమ్మాయి:
నాన్న పోయి ఏడాది కావస్తోంది. అక్క బలవంతం మీద బీచ్ రోడ్డు దగ్గర ఒక ఆర్ట్ సెషన్‌కి వెళ్లాను. "మీ మనసులో ఉన్న బాధ గీసేయండి" అన్నారు. ఆసుపత్రి మంచం గీశాను. అప్పట్నుంచి సరిగ్గా నిద్ర లేదు. లోపలున్నది బయటికొస్తోంది, మంచిదే అంటుంది అక్క. నాకైతే మానిన పుండు గోకినట్టుంది. మీరేమంటారు?

గాజువాక_రావు:
ఇదంతా తీరికున్నవాళ్ల వ్యవహారం తల్లీ. ప్లాంట్‌లో నైట్ షిఫ్ట్ దిగి వచ్చి నేను క్రేయాన్లు పట్టుకుంటే ఇంట్లో నవ్వుతారు. నాన్న గురించి అక్కతో కూర్చుని మాట్లాడు, అది చాలు.

వాల్తేరు_సైకాలజీ:
రావు గారూ, మాట్లాడటం అందరికీ చేతకాదండీ. ఏడుపు గొంతులోనే ఆగిపోయే వాళ్లుంటారు.

ఈ అమ్మాయి అడిగింది మాత్రం అసలైన ప్రశ్న. బొమ్మ వేయడం ఒకటి, బాధనే బొమ్మగా వేయడం ఇంకొకటి. ఈ తేడా మీద అమెరికాలో ఎలెన్ విన్నర్, జెనిఫర్ డ్రేక్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేశారు. ముందు విషాదమైన సినిమా చూపించి, తర్వాత కొందరిని ఆ దిగులునే గీయమన్నారు, కొందరిని దానితో సంబంధం లేనిది గీయమన్నారు. వేరేది గీసినవాళ్ల మనసే ఎక్కువ కుదుటపడింది. అంటే కాసేపు ధ్యాస మళ్లడమే మేలు చేసిందన్నమాట. అయితే అది ఆ పూట దిగులు గురించే. తండ్రి పోయిన దుఃఖానికి ఆ లెక్క సరిపోతుందని నేననను.

2005లో కర్రీ, కాసర్ అనే ఇద్దరు పరిశోధకులు కొంతమంది విద్యార్థులకు ముందు టెన్షన్ తెప్పించి రంగులిచ్చారు. గుండ్రంగా ఉండే మండల డిజైన్లకు, గళ్ల డిజైన్లకు రంగులు వేసినవాళ్లకు ఆందోళన బాగా తగ్గింది. ఖాళీ కాగితం ఇచ్చినవాళ్లకు అంతగా తగ్గలేదు. ఖాళీ కాగితం ముందు కూర్చుంటే మనసు మళ్లీ అదే చోటికి పోతుంది కదా! ఆ సెషన్‌లో జరిగింది అదేనేమో. ముందూ వెనకా అడగకుండా, తర్వాత ఎలా ఉన్నారని చూడకుండా "బాధ గీయండి" అనడం నాకు నచ్చలేదు.

భీమిలి_లత:
గళ్లు, మండలాలు అంటున్నారు, చుక్కల ముగ్గు చాలదూ? పొద్దున్నే వాకిట్లో ముగ్గేస్తే నాకు బుర్ర తేలికవుతుంది.

గాజువాక_రావు:
మా అమ్మ రోజూ వేసేది లత గారూ. ఆవిడకది పని, అత్తగారు చూస్తున్నారనే భయం కూడా. దానికి ఇప్పుడు థెరపీ అని పేరు పెట్టకండి.

హుద్‌హుద్_చూసినవాడు:
నేను వాల్తేరు మేడమ్‌తో సగమే ఏకీభవిస్తాను. 2014 అక్టోబర్ 12 తుపాను తర్వాత మా బడి పిల్లలు కూలిన చెట్లే గీసేవారు, పేజీల కొద్దీ. మేం ఆపలేదు. పక్కన కూర్చుని "ఈ చెట్టు ఎక్కడిది?" అని అడిగేవాళ్లం. కొన్నాళ్లకు వాళ్లే పడవలు, క్రికెట్ బ్యాట్లు మొదలెట్టారు. అప్పుడు పువ్వులే గీయమని ఉంటే ఆ భయం ఎవరికి చెప్పుకునేవారు?

వాల్తేరు_సైకాలజీ:
మాస్టారూ, పక్కన మీరున్నారు! నేననేదీ అదే. ఈ అమ్మాయి ఆ మంచం బొమ్మతో ఒంటరిగా ఇంటికొచ్చింది.

అమ్మా, ప్రస్తుతానికి ఆ బొమ్మ చింపకు, రోజూ తీసి చూడకు కూడా. గీయాలనిపిస్తే గళ్లో, ముగ్గో, నాన్న వాడిన గొడుగో వెయ్యి. నిద్ర ఇలాగే పాడైతే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. లేదా టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

గాజువాక_రావు:
ఆ నంబరు మొదటే ఇవ్వాల్సింది మేడమ్. రంగుల సంగతి తర్వాత.

మద్దిలపాలెం_అమ్మాయి:
రేపు ఫోన్ చేస్తాను. నాన్నకు గొడుగు లేదు మేడమ్, టీవీఎస్ ఉండేది. అది గీయడం నాకు రాదు, అయినా ప్రయత్నిస్తా.