‘పారంపర్యాచారము’, ‘విధులు’: రెండూ ఒకే గ్రీకు మాటా?

మత్తయి 15:2లో ‘పెద్దల పారంపర్యాచారము’ అని ఉంది, 2 థెస్సలొనీకయ 2:15లో ‘బోధింపబడిన విధులను చేపట్టుడి’ అని ఉంది. గ్రీకులో రెండుచోట్లా ఒకటే మాట అంటున్నారు, నిజమేనా? ప్రొటెస్టెంట్లు సంప్రదాయాన్ని మొత్తంగా తోసేశారు కాబట్టి ఇలా మార్చారా?

— ఒకటే మాటండీ, ‘పరదోసిస్’. ఒకరు అందిస్తే ఇంకొకరు పుచ్చుకున్నది అని అర్థం. ఈ విడదీత మన తెలుగు బైబిలుతో మొదలవలేదు, ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన లూథర్ జర్మన్ బైబిల్లోనూ ఆ రెండుచోట్ల రెండు వేర్వేరు మాటలే. కానీ ‘మొత్తంగా తోసేశారు’ అంటే నేను ఒప్పుకోను. 1519లో లైప్‌జిగ్ వాదంలో కాథలిక్ పండితుడు ఎక్ నిలదీస్తే లూథర్ సంఘ మహాసభలు కూడా పొరబడతాయన్నాడు, అదీ అంతకు వందేళ్ల ముందు సంస్కర్త జాన్ హుస్‌ని తగలబెట్టించిన కాన్‌స్టాన్స్ సభ గురించి. అక్కడితో ఆగితే మీరన్నట్టే అనిపిస్తుంది. 1536లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో కాథలిక్కులతో జరిగిన వాదంలో ఏం జరిగిందో కూడా చూడండి. మీకు పితరులంటే, అంటే తొలి శతాబ్దాల సంఘ బోధకులంటే లెక్కలేదని అవతలివాళ్లు దెప్పితే ప్రొటెస్టెంటు సంస్కర్త కాల్విన్ లేచి, చేతిలో కాగితం ముక్క లేకుండా, తెర్తుల్లియన్, క్రిసోస్తమ్, అగస్టీన్ ఏ గ్రంథంలో ఏమన్నారో గడగడా అప్పజెప్పాడు. నైసియా నుంచి కల్కెదోను దాకా తొలి సంఘపు నాలుగు మహాసభలనూ గౌరవంతో స్వీకరిస్తామని కూడా రాశాడు, అవి లేఖనానికి సరైన వివరణే ఇచ్చాయి కాబట్టి. అసలు మెలిక ఆ ‘కాబట్టి’లోనే ఉంది. పితరుల సాక్ష్యం కావాలి, తీర్పు మాత్రం వాళ్లది కాదు.

— అంటే నచ్చితే అగస్టీన్, నచ్చకపోతే లేఖనం. బాగుంది వరస 🙂

— ఆ చురక కొంత తగలాల్సిందే లెండి. ‘అగస్టీన్ పూర్తిగా మావాడే’ అన్న కాల్వినే, అగస్టీన్ తల్లి మోనికా తన మరణం తర్వాత బలిపీఠం దగ్గర తలుచుకోమన్న సంగతి వచ్చేసరికి, అది ముసలావిడ కోరిక, కొడుకు దాన్ని లేఖనంతో సరిచూసుకోలేదు అని తేల్చేశాడు. అయితే సొంతమనిషిని కూడా అదే కొలతకు నిలబెట్టాడు కదా, దాన్ని వట్టి అవకాశవాదం అనలేం. ఈ విషయంలో నాకు నచ్చినవాడు లూథరన్ పండితుడు కెమ్నిట్స్. లిఖితం కాని సంప్రదాయాలను కూడా లేఖనాలంత భక్తితోనే స్వీకరించాలని 1546లో కాథలిక్కుల ట్రెంట్ సభ తీర్మానిస్తే, ఆయన తాపీగా కూర్చుని సంప్రదాయాలను ఎనిమిది రకాలుగా విడగొట్టాడు. ఏడింటికి సరేనన్నాడు. లేఖనంలో ఏ ఆధారమూ చూపలేని ఎనిమిదో రకాన్నే కాదన్నాడు.