సముద్రానికి దగ్గరి ఇంటికి కారు షెడ్డు షట్టరు: ఇనుమా, అల్యూమినియమా?

లాసన్స్‌బే_ఇల్లు:
మా ఇల్లు విశాఖపట్నం లాసన్స్‌బే కాలనీలో, సముద్రానికి రెండు వీధులు లోపలగా ఉంది. అమ్మా నాన్నా అక్కడ ఉంటారు, నేను ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుపాను తర్వాత జరిగిన మరమ్మతుల్లో కారు షెడ్డుకు వేయించిన జీఐ (జింకు పూత ఉన్న ఇనుప రేకు) రోలింగ్ షట్టరు ఇప్పుడు పనికిరాకుండా పోయింది. పై పట్టీలు చూపుకు బాగానే ఉన్నాయి గాని, నేలకు ఆనే అడుగు పట్టీని వేలితో నొక్కితే పొరలు పొరలుగా రాలుతోంది. షట్టరు అంచు జారే ఎడమవైపు గైడు చానెల్ అడుగున జానెడు మేర తుప్పు ఉబ్బిపోవడం వల్ల షట్టరు అక్కడికి రాగానే పట్టేస్తోంది. వెల్డింగు షాపువారు మళ్ళీ జీఐ షట్టరే వేసి రంగు కొట్టిస్తామంటున్నారు. మరొకరు అల్యూమినియం వేయించుకోమంటున్నారు, ఖర్చు దాదాపు రెట్టింపవుతుందట. తీరంలో అనుభవం ఉన్నవారు ఏది మేలో చెప్పగలరు.

పాత_ఇన్‌స్పెక్టర్:
నౌకల మీదా, రేవు కట్టడాల మీదా వేసే రంగులను పరీక్షించే ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. మీ షట్టరు చెడింది ఇనుము కావడం వల్ల కాదు. రేకు మీద జింకు ఎంత ఉందని కొనేటప్పుడు ఎవరూ అడగరు. చదరపు మీటరుకు 120 గ్రాముల పూత ఉన్నదీ జీఐ రేకే, 275 గ్రాములు ఉన్నదీ జీఐ రేకే. ఈ లెక్క రెండు వైపులా కలిపి చెప్పేది కాబట్టి 120 గ్రాముల రేకులో ఒక్కో వైపు జింకు మందం ఎనిమిది, తొమ్మిది మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించదు, 275 గ్రాముల రేకులో అది సుమారు 19 మైక్రాన్లు ఉంటుంది. ఉప్పగాలికి జింకు ఏటేటా కరుగుతూనే ఉంటుంది, కనుక పూత ఎంత మందంగా ఉంటే రేకు అన్నేళ్ళు నిలుస్తుంది. అడుగు పట్టీ ముందుగా పోవడానికి ఇంకో కారణం వెల్డింగు. ఆ వేడికి అతుకు చుట్టూ జింకు మాడిపోతే, షాపువారు దాని మీద సిల్వర్ పెయింటు పూసి చేతులు దులుపుకుంటారు. అది మెరుస్తుందే గాని, అందులో ఉన్నది అల్యూమినియం పొడి. అక్కడ వేయవలసింది జింకు పాలు ఎక్కువగా ఉన్న ప్రైమరు. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, షట్టరు లోపలి వైపునూ గైడు చానెళ్ళనూ వారానికొకసారి మంచినీళ్ళతో కడగాలి. ఇది చేసే ఇల్లు వంద ఇళ్ళకు ఒకటి కూడా ఉండదు.

గాజువాక_వాసి:
ఇనుము మీద నీళ్ళు పోయమంటున్నారా సార్? తుప్పుకు కారణమే నీళ్ళు కదా.

ఉప్పాడ_రోడ్డు:
కాకినాడ నుంచి రాస్తున్నాను. మా వీధి చివరకు వెళితే అలల చప్పుడు వినిపిస్తుంది, కాబట్టి ఉప్పగాలి గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 275 గ్రాములనీ 120 గ్రాములనీ పెద్దాయన చెప్పింది కాగితం మీద నిజమే కావచ్చు. మా ఇంటికి షట్టరు వేసిన షాపతను కూడా 275 గ్రాముల రేకేనని బిల్లు మీద రాసిచ్చాడు. రెండో వర్షాకాలానికే పట్టీల మడతల దగ్గర ఎర్రగా కారడం మొదలైంది. అడిగితే, మీ ఇల్లు సముద్రానికి దగ్గర, నేనేం చేయగలనన్నాడు. వేసేటప్పుడు మా ఇల్లు సముద్రానికి దూరంగా ఉందా? జింకు మందం కొలిచే పనిముట్టు సామాన్యుడి దగ్గర ఎక్కడుంటుంది? అల్యూమినియంలో ఈ మోసానికి చోటు లేదు, అది లోపలా బయటా ఒకే లోహం. ఎరుపు తుప్పు అనేదే ఉండదు.

పాత_ఇన్‌స్పెక్టర్:
గాజువాక మిత్రులు అడిగిన ప్రశ్న న్యాయమైనది. షట్టరు బయటి వైపున పేరుకున్న ఉప్పును వాన కడిగేస్తుంది. లోపలి వైపున, చానెళ్ళలో, షట్టరు పైకి చుట్టుకునే చుట్ట కింద వాన పడదు, అందుకే తుప్పు ముందుగా అక్కడే తగులుకుంటుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. గాలిలో తేమ 33 శాతం దాటితే చాలు, అది నీటిని పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. విశాఖ తీరంలో తేమ అంతకన్నా తగ్గే రోజులు చాలా అరుదు. అంటే ఉప్పు ఉన్నంతకాలం మీ షట్టరు, చూడడానికి పొడిగా ఉన్నా, తడిగా ఉన్నట్టే లెక్క. మంచినీళ్ళతో కడిగి, షట్టరు ఎత్తి గాలి తగిలేట్టు ఓ గంట ఆరనిస్తే చాలు.
ఉప్పాడ రోడ్డువారు చెప్పింది షాపతని మోసం గురించి, లోహం గురించి కాదు. అల్యూమినియానికి ఎర్ర తుప్పు రాదు గాని తెల్లటి పొడితో గుంటలు పడతాయి. తడి సిమెంటు నేల మీద ఆనిన అడుగు పట్టీని ఆ సిమెంటులోని క్షారమే తినేస్తుంది. దాన్ని తెచ్చి పాత ఇనుప చానెల్‌లో దింపితే, ఉప్పునీరు మధ్యన చేరి అల్యూమినియమే ముందు కరుగుతుంది. ఈ సంగతి ఏ షాపువాడూ చెప్పడు.

మధురవాడ_మిత్రుడు:
స్టెయిన్‌లెస్ స్టీలు వేయించుకుంటే ఈ గొడవే ఉండదు కదా.

పాత_ఇన్‌స్పెక్టర్:
304 రకమైతే తీరంలో టీ మరకలు పడినట్టు గోధుమ రంగు తేలుతుంది. 316 రకంలో మాలిబ్డినం ఉంటుంది కనుక తట్టుకుంటుంది, కానీ ఆ ధర విన్నాక మీరే వెనక్కి తగ్గుతారు.

భీమిలి_గృహిణి:
కడగమంటున్నారు, బాగుంది. ఏ నీళ్ళతో? మాది భీమిలి. మా బోరు నీళ్ళు నోట్లో పోసుకుంటే ఉప్పు తెలుస్తుంది. తీరం వెంబడి భూగర్భజలంలోకి సముద్రపు నీరు చొచ్చుకు వస్తున్న సంగతి అందరికీ తెలిసిందే. లాసన్స్‌బేలో కారూ వాకిలీ కడిగేది కూడా చాలా ఇళ్ళలో బోరు నీళ్ళతోనే. ఆ నీళ్ళు చల్లి ఆరబెడితే, నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోతుంది. అంటే గాలి తెచ్చే ఉప్పు చాలదని మనం ఇంకొంచెం పూసినట్టు.

పాత_ఇన్‌స్పెక్టర్:
నేను మంచినీళ్ళు అని స్పష్టంగా రాశాను. బోరు నీళ్ళని ఎక్కడా రాయలేదు.

భీమిలి_గృహిణి:
మంచినీళ్ళు మాకు మున్సిపాలిటీ కుళాయిలో రోజూ కాసేపే వస్తాయి. ఆ కాసేపట్లో తాగే నీళ్ళు పట్టుకోవాలా, షట్టరు కడగాలా?

పాత_ఇన్‌స్పెక్టర్:
ఒక బకెట్టు నీళ్ళు, ఒక గుడ్డ. షట్టరుకు అభిషేకం చేయమని నేను చెప్పలేదు. తడిగుడ్డతో తుడిచి, గుడ్డ పిండి, మళ్ళీ తుడవడానికి పావుగంట చాలు. నీళ్ళు లేవనడం సాకు మాత్రమే.

ఉప్పాడ_రోడ్డు:
సాకు అంటున్నారు చూశారా! ప్రతి లోపానికీ ఇంట్లోవాళ్ళదే తప్పు అనే ఈ ధోరణి వల్లే షాపువాళ్ళు తప్పించుకుంటున్నారు. రేకు పలచనైతే మనం కడగలేదట, వెల్డు పోతే మనం తుడవలేదట. అసలు అయ్యా, మీ ఇంట్లో ఆ పావుగంట పని చేసేది మీరేనా?

పాత_ఇన్‌స్పెక్టర్:
నేనే చేస్తాను. ఆ మాట రుజువు చేయడానికి ఫోటోలు పెట్టవలసిన అవసరం నాకు లేదు.

నిర్వాహకులు:
సభ్యులు విషయానికే పరిమితం కావలసిందిగా మనవి.

లాసన్స్‌బే_ఇల్లు:
పెద్దలు నా ఇంటి షట్టరు వదిలి బోరు నీళ్ళ దగ్గరకు వెళ్ళిపోయారు. మొదట రాయని ఒక సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆ షట్టరును మా నాన్నగారు పట్టించుకోకుండా ఏనాడూ వదిలేయలేదు. ఏటా సంక్రాంతికి ముందు స్టూలు వేసుకుని ఆయనే ఎనామిల్ రంగు వేసేవారు, చానెళ్ళకు గ్రీజు పట్టించేవారు. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళ నొప్పులు. షట్టరు కింద పట్టేసినప్పుడు వంగి, రెండు చేతులతో గుంజి ఎత్తుతున్నారు. నేను అల్యూమినియం అంటే, దొంగ కత్తెరతో కోసేస్తాడంటున్నారు. ఇకముందు ఆయన స్టూలు ఎక్కే అవసరం రాని షట్టరు కావాలన్నది నా కోరిక, మళ్ళీ ఇనుమే వేయించి రంగు తానే వేసుకుంటానన్నది ఆయన పట్టుదల. ఇక్కడ నలుగురూ అల్యూమినియమే మేలంటే ఆయనకు చూపిద్దామనుకున్నాను.

పాత_ఇన్‌స్పెక్టర్:
అయితే ఇది షట్టరు తగవు కాదు బాబూ, మీ ఇద్దరి తగవు. మీ నాన్నగారు కష్టపడ్డారు గాని ఆ కష్టానికి తగిన పద్ధతి ఎవరూ ఆయనకు చెప్పలేదు. కొత్త జింకు మీద నేరుగా ఎనామిల్ వేస్తే, రంగులోని నూనె జింకుతో కలిసి సబ్బులాంటి పొరగా మారుతుంది, ఏడాది తిరక్కుండానే రంగు అప్పడాల్లా లేస్తుంది. ముందుగా గాల్వనైజ్డ్ (జింకు పూసిన) రేకుకు తగిన, పై రంగు పట్టి ఉండేలా చేసే ఎచ్ ప్రైమరు వేసి, ఆపైన ఎపాక్సీ, ఎండ తగిలే వైపు పీయూ (పాలీయూరిథేన్) రంగు వేయాలి. గ్రీజు కూడా మంచిది కాదు, బీచి నుంచి ఎగిరివచ్చే ఇసుక అందులో అంటుకుని చానెల్‌ను అరగదీస్తుంది, ఉప్పునూ పట్టి ఉంచుతుంది. సిలికాన్ స్ప్రే వాడితే అది జిగటగా ఉండదు. ఇవన్నీ ఆయన చేయగలిగినవే. మనిషి చేతిలోని పని లాగేసుకుని, ఏ పనీ అడగని వస్తువును ఇంటికి తగిలించడం సేవ అనుకోకండి. ఊళ్ళో లేని పిల్లలందరికీ ఇప్పుడు ఇదే ఆలోచన.

ఉప్పాడ_రోడ్డు:
ఆయన అడిగింది షట్టరు గురించి. కొడుకుగా ఎలా ఉండాలో నేర్పమని మిమ్మల్ని అడగలేదు.

భీమిలి_గృహిణి:
ఇద్దరూ కాస్త ఆగండి. నిజానికి పెద్దాయనకు ప్రమాదం రంగు డబ్బాతో కాదు, బరువుతో. మా మామగారి నడుము పట్టేసింది షట్టరు ఎత్తబోయినప్పుడే. తుడవడం, స్ప్రే కొట్టడం ఆయన నిలబడే చేసుకోవచ్చు, పై పట్టీలకు ఇంకెవరినైనా పిలవవచ్చు. వంగి ఎత్తవలసిన పనే లేకుండా చూడండి. ఇనుమే వేయించినా దానికి మోటారు పెట్టించవచ్చు. కరెంటు పోయినప్పుడు చేత్తో తిప్పే గొలుసు ఉన్న రకం అడగండి. తుపాను వస్తే మన ఊళ్ళలో కరెంటు ఎన్నాళ్ళు ఉండదో మీకు తెలుసు.

ఉప్పాడ_రోడ్డు:
అల్యూమినియమైతే మోటారు అక్కర్లేకుండానే లేస్తుంది, ఇనుములో మూడో వంతు బరువు.

పాత_ఇన్‌స్పెక్టర్:
తేలికైనది లేవడమే కాదు, తుపాను గాలికి బయటికి ఉబ్బి చానెల్‌లోంచి ఊడి కూడా వస్తుంది. పట్టీల చివర్లకు గాలి లాకులు ఉన్నాయో లేదో అడగకుండా ఏ లోహమూ కొనకూడదు. హుద్‌హుద్‌లో ఇనుప షట్టర్లు కూడా లోపలికి వంగాయి.

లాసన్స్‌బే_ఇల్లు:
నాన్నగారికి ఈ పేజీ మొత్తం చదివి వినిపించాను. ఎచ్ ప్రైమరు సంగతి తనకు ముందే ఎవరైనా చెప్పి ఉండవలసిందన్నారు, మోటారు సంగతికి మాత్రం జవాబివ్వలేదు. 275 గ్రాముల రేకు, అతుకుల మీద జింకు ప్రైమరు, కొత్త చానెళ్ళు అని షాపులో రాయించుకుంటున్నాం. పాత స్ప్రింగులు బాగానే ఉన్నాయి, వాటినే వాడతామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఉప్పాడ_రోడ్డు:
ఒప్పుకోకండి. కొత్త పట్టీల బరువు పాతవాటితో సమానంగా ఉండదు. స్ప్రింగులు ఆ బరువుకు సరిపోకపోతే మీ నాన్నగారు మళ్ళీ గుంజి ఎత్తవలసిందే. మిగతా విషయాల్లో మీరు పెద్దాయన మాటే విన్నారని నాకు అర్థమైంది.

గాజువాక_వాసి:
రేకు మీది జింకు తూకం బిల్లు మీద రాయిస్తే సరిపోదు, ఒక ముక్క కోసి ఇమ్మనండి. జింకు మందం కొలిచే గేజి మా షాపులో ఉంది, ఆదివారం తెస్తే నేను కొలిచి చెబుతాను.