గడియా, ఘడియా? ఒక సామెత, ఒక ఒత్తు

పద్యప్రియ: “గడియ తీరుబడి లేదు, గవ్వ రాబడి లేదు.” మొదటి మాట గడియా, ఘడియా? చివర రాబడా, ఆదాయమా? రెండు రకాలూ నోటికి వస్తున్నాయి.

నిఘంటువు: గడియే. ఘటిక ప్రాకృతం మీదుగా వస్తూ ఒత్తు వదిలేసింది. చిన్నయసూరి తెనుగుకు చెప్పిన ముప్పైయారు వర్ణాల్లో ఘ లేదు. పైగా పక్కనే గవ్వ ఉంది కదా!

ఛందోమిత్ర: గవ్వ సాక్ష్యం చెల్లదండీ. క ఖ గ ఘ లకు తమలో తమకు యతి (పాదం మొదటి అక్షరానికి, నడుమ వచ్చే అక్షరానికి పొత్తు) కుదురుతుంది. ఘడియ అన్నా గవ్వ అతుకుతుంది. ప్రాస చూద్దామంటే, అది కలవాల్సింది పాదంలో రెండో అక్షరం; ఇక్కడ అది డ.

పాతపంచాంగం: పంచాంగంలో మాత్రం ఆ ఒత్తు తీసేయకండి. “ఘ.” అంటే ఘడియలు, “గం.” అంటే గంటలు. విదియ ఘ.20-15 అని ఉంటే ఆ లెక్క సూర్యోదయం నుంచి. ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకన్లు; మొత్తం 8 గంటల 6 నిమిషాలు. ఆ ఊళ్లో సూర్యోదయం 5-50 అయితే విదియ మధ్యాహ్నం 1-56 దాకా. గంటలనుకుని చదివితే రాత్రి 8-15 అయి కూర్చుంటుంది. ఆబ్దికానికి చూసే అపరాహ్ణం (పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది), పగలు 30 ఘడియలున్న రోజున, 18 నుంచి 24 ఘడియల వరకు. విదియ దాని మధ్యలోనే వెళ్లిపోతుంటే, చదివినవారు చివరిదాకా ఉందనుకుంటారు.

నిఘంటువు: వర్జ్యం నాలుగు ఘడియలంటే 96 నిమిషాలేగా?

పాతపంచాంగం: నక్షత్రం సరిగ్గా 60 ఘడియలుంటేనే. రోహిణికి వర్జ్యం 40 ఘడియల తర్వాత. రోహిణి మొత్తం 57 ఘడియలే ఉంటే 38కే మొదలై 3 ఘడియల 48 విఘడియలు ఉంటుంది, అంటే 91 నిమిషాలు. ఆ 38 నక్షత్రం ప్రవేశించినప్పటి నుంచి లెక్కించాలి. సూర్యోదయం నుంచి లెక్కించడమే ఎక్కువమంది చేసే తప్పు. అన్నట్టు, ఘ పోయిందంటున్నారు, విగడియ అని రాసినవారిని చూపించండి.

నిఘంటువు: విఘడియ సిద్ధాంతుల మాట, విఘటికను అంటిపెట్టుకుని నిలిచింది. జనం నోట్లో నలిగినది గడియ. అందుకే ఘడియారం అనం, గడియారం అంటాం.

పద్యప్రియ: గడియారం అంటే శివాజీ కథను చెప్పిన పద్యకావ్యం శివభారతం, దాని కవి గుర్తొచ్చారు. గడియారం వేంకట శేషశాస్త్రి గారి ఇంటిపేరులోనే గ ఉంది!

ఛందోమిత్ర: ఆయన పద్యం నడక ఎంత నిండుగా ఉంటుందో! శివాజీ కథకు అంత బిగువు మరొకరి చేతిలో రాలేదని నా నమ్మకం. కానీ ఇంటిపేరు ప్రమాణం కాదు. ప్రాస గురించి ఇందాక నేనే తొందరపడ్డాను. పాదం “ఏ గడియ” అని మొదలైతే గ-కారమే ప్రాసస్థానంలో పడుతుంది. మిగతా మూడు పాదాల్లో గ ఉందో ఘ ఉందో చూస్తే కవి ఏది పలికాడో తెలుస్తుంది.

నిఘంటువు: అలాంటి పద్యం కనబడితే నాలుగు పాదాలూ పెట్టండి, ఒక్క పాదం చాలదు.

పద్యప్రియ: తప్పకుండా. ఇంతకీ రాబడా, ఆదాయమా?