తరగతి గదిలోకి ఫోను తేవచ్చా?

తార్నాక అధ్యాపకురాలు: డిగ్రీ తరగతుల్లో ఫోన్లు గుమ్మం దగ్గరే పెట్టించాలి. టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 800 మందిపై జరిపిన ప్రయోగాలు 2017లో వెలువడ్డాయి. ఫోను మోగకుండా బల్లమీద ఉంచుకున్నవారికంటే, వేరే గదిలో పెట్టి వచ్చినవారే పరీక్షలో మెరుగ్గా చేశారు. ఇంకా సందేహమెందుకు?

చిక్కడపల్లి చదువరి: అది అప్పటికప్పుడు పెట్టిన పరీక్ష మేడమ్, సెమిస్టర్ మార్కులు కావు. పైగా అదే ప్రయోగం మళ్లీ చేసిన కొందరికి ఆ ఫలితం రాలేదు.

మలక్‌పేట అన్న: మా తమ్ముడు రాత్రి రెండింటిదాకా రీల్స్ చూస్తాడు. రెండు సబ్జెక్టులు తప్పాడు. ఇంతకన్నా రుజువేం కావాలి?

చిక్కడపల్లి చదువరి: ఫోను వల్ల తప్పాడా, పాఠం అర్థంకాక ఫోనులో పడ్డాడా? ఎక్కువ వాడేవారికి మార్కులు తక్కువని చాలా సర్వేలు చెబుతాయి. ఏది ముందో చెప్పవు.

మలక్‌పేట అన్న: వాడు ఇంటర్‌లో బాగా చదివేవాడు!

రామంతాపూర్: గుమ్మం దగ్గర పెట్టిన ఫోను పోతే ఎవరిది బాధ్యత? అది తేల్చండి.

తార్నాక అధ్యాపకురాలు: పాఠం చెబుతుంటే తల ఎత్తనివాళ్లకు సర్వేల మీద ఇన్ని సందేహాలా?

చిక్కడపల్లి చదువరి: ఏ పాఠం మేడమ్? మాకు గణాంకశాస్త్రం చెప్పే పార్ట్‌టైమ్ సారు సెమిస్టర్ మధ్యలో మానేశారు. మళ్లీ ఎవరూ రాలేదు. నాకు ల్యాప్‌టాప్ లేదు. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు ఫోనులో విని పాసయ్యాను. దాన్నే నేరస్థుణ్ణి చేస్తే ఒప్పుకోను.

తార్నాక అధ్యాపకురాలు: నేనూ పార్ట్‌టైమే. గంటల లెక్కన జీతం, సెలవుల్లో అదీ లేదు. రాత్రంతా తయారై వస్తే, ‘ఇది యూట్యూబ్‌లో ఉంది కదా’ అంటారు. ఎవరి ముఖం ముడుచుకుందో చూసి నేను ఆగి మళ్లీ చెబుతాను. వీడియో ఆగదు. తలలు దించుకుంటే నాకు ముఖాలెలా కనిపిస్తాయి?

చిక్కడపల్లి చదువరి: ఈ మాట ముందే చెప్పాల్సింది. మీరు అడుగుతున్నది మార్కుల గురించి కాదు, మీ పాఠానికి దక్కాల్సిన గౌరవం గురించి. అది న్యాయమే. కానీ అధ్యాపకుల ఖాళీలు నింపనివాళ్లను వదిలేసి, మా సంచులు వెతుకుతామంటే ఎలా?

తార్నాక అధ్యాపకురాలు: ఖాళీల కోసం ధర్నాలూ చేశాం. అవి నిండేదాకా నా గంటలో ఫోను బయటే ఉండాలి.

చిక్కడపల్లి చదువరి: మీ గంటలో సరే. కళాశాల అంతటా నిషేధమంటే మాత్రం నేను సంతకం పెట్టను.

రామంతాపూర్: ఫోను పోతే ఎవరిదో ఇంకా ఎవరూ చెప్పలేదు.