43 ఏళ్లకు ఏడీహెచ్‌డీ అని తేలింది, నాలాంటి వాళ్లెవరైనా ఉన్నారా?

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, అతి అల్లరి ఉండే సమస్య కదా; నాది అల్లరి ఉండదు, ధ్యాసే నిలవదు, ఆ రకమట. చిన్నప్పుడు మార్కులు బాగానే వచ్చేవి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు, 'పరధ్యానం పిల్ల' అని పేరు మాత్రం మిగిలింది. 12 ఏళ్లలోపే లక్షణాలు ఉండాలి కాబట్టి డాక్టర్ పాత ప్రోగ్రెస్ కార్డులు అడిగారు. నేను వాటిని దాచుకుని ఉంటే ఈ జబ్బే ఉండేది కాదేమో!

మిథైల్‌ఫెనిడేట్ (దీనికి ఇచ్చే మందు) మొదలుపెట్టి రెండు నెలలైంది. పని చేస్తోంది. కానీ పీరియడ్స్‌కి ముందు వారం మాత్రం వేసుకున్నా వేసుకోనట్టే ఉంటుంది: మాట మధ్యలో మర్చిపోవడం, ఊరికే ఏడుపు. ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గడం వల్ల కావచ్చని చదివాను. డోసు నా అంతట నేను మార్చను. మీకూ ఇలాగే జరిగిందా? డాక్టర్‌కి ఎలా చెప్పారు, రోజూ ఏమైనా రాసి చూపించారా?

ఇంకొకటి, ఇంట్లోవాళ్లు 'ఇన్నాళ్లూ బాగానే ఉన్నావుగా' అంటే ఏం చెప్పారు?