అప్‌డేట్: మేత ముట్టని మా ముసలి పెట్ట సంగతి

పది రోజుల క్రితం అడిగాను కదా, ఆరేళ్ల నాటు పెట్ట మేత ముట్టకుండా, మెడ కింద మేత నిలిచే సంచి ఉబ్బి, మూల నక్కి కూర్చుంటోందని. బతికే ఉంది.

తెల్లవారుజామున మేత వేయకముందే సంచిని తడిమి చూడమని మీలో ఒకరు చెప్పారు. ఆ మాటే దారి చూపింది. రాత్రికి రాత్రే ఖాళీ అయి మెత్తబడాల్సిన సంచి పొద్దునకీ పిండి ముద్దలా గట్టిగా ఉంది. గంపలో పెట్టుకుని అమలాపురం తీసుకెళితే, వరిగడ్డి పోచలు ఉండకట్టి అడ్డుపడ్డాయని పశువైద్యుడు తేల్చారు. కోతల తర్వాత కళ్లంలో గడ్డి కెలకడం దానికి పండగ మరి.

తలకిందులుగా పట్టి కక్కించవద్దని, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడితో సరి అని గట్టిగా హెచ్చరించారు. ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా గోరువెచ్చని నీళ్లు పట్టి, రోజుకు నాలుగుసార్లు సంచిని మెల్లగా నిమిరాను. మూడో రోజు రెట్ట సరిగా పడింది. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు!

మిగతా కోళ్లు పొడుస్తాయని వేరే గంప కింద ఉంచాను. ఇప్పుడు నూకల జావ, ఉడికిన గుడ్డు సొన తింటోంది. ఒళ్లు పట్టక రొమ్ము ఎముక ఇంకా కత్తిలా తగులుతోంది. గుడ్డు పెట్టే ఊసే లేదు.

"పులుసు పెట్టేయరాదూ" అని మొదట్నుంచీ అంటున్న మా అత్తయ్యగారే నిన్న దానికి జావ కలిపారు.