‘యాదృచ్ఛికంగా ఎంపికైన పౌరులు’: డిప్పా, చీటీయా?

కాలేజీ పిల్లల కోసం యూరప్ మీద చిన్న వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. తమ ఉమ్మడి భవిష్యత్తు ఎలా ఉండాలో యూరోపియన్ యూనియన్ 2021 మే 9 నుంచి ఏడాది పాటు మామూలు జనాన్ని అడిగింది. 27 దేశాల నుంచి 800 మందిని, 200 మంది చొప్పున నాలుగు ప్యానెళ్లుగా కూర్చోబెట్టింది. వాళ్లు నాయకులూ కారు, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లూ కారు.

‘యాదృచ్ఛికంగా ఎంపికైన పౌరులు’ అని రాశాను. తిరుపతిలో మా వదిన చదివి, ‘‘అంటే పొరపాటున వచ్చినోళ్లా?’’ అంది. విడమరిచి చెప్పాను. ‘‘ఓ, డిప్‌లో తగిలినోళ్లు!’’ అనేసింది.

తిరుమల శ్రీవారి సేవల టికెట్లకు పేర్లు వేసుకుంటే లాటరీలా తీస్తారు, అదే డిప్. మా ఊళ్లో ఈ మాట తెలియనివాళ్లు లేరు. ‘సుప్రభాతానికి డిప్ వేశాం, తగల్లేదు. తోమాలకు చూడాలి.’ కానీ ఒక చిక్కుంది. డిప్‌లో మన పేరు మనమే వేసుకుంటాం, తగిలితే స్వామి దయ అనుకుంటాం. యూరప్‌లో ఎవరూ పేరు వేయలేదు. తగిలింది దర్శనమూ కాదు, వారాంతాల్లో కూర్చుని వాదించుకునే పని. మీరేమంటారు?

చిత్తూరు నుంచి: చీటీ అనండి సార్. డిప్ మొన్న వచ్చిన మాట.

నేను: చీటీ అనగానే మా వీధిలో డబ్బు గుర్తొస్తుందన్నా. అయినా క్రియ చూస్తే తేడా తెలుస్తోంది. కట్టేది, పాడేది డబ్బు చీటీ. తీసేది పేరు చీటీ. ‘చీటీ తీసి’ అంటే సరిపోతుందేమో.

నగరి నుంచి, ఒక టీచరమ్మ: మా పక్కింటి తమిళ మాట ఒకటి ఉంది, కుడవోలై. కుడం అంటే కుండ, ఓలై అంటే తాటాకు. పరాంతక చోళుడి కాలంలో, క్రీ.శ. 920 ప్రాంతంలో, ఈ పద్ధతిని తమిళనాడులోని ఉత్తరమేరూరు గుడి గోడ మీద చెక్కించారు. పేర్లు తాటాకు మీద రాసి కుండలో వేసి, పసివాడి చేత తీయించేవారు. అలా వచ్చినవాళ్లే ఊరి పనులు చూసేవాళ్లు.

నేను: ఆ కుండలోకి ఎవరి పేర్లు వెళ్లేవన్నది చూడాలి టీచరమ్మా. 35 నుంచి 70 ఏళ్ల మధ్య ఉండాలి, సొంత భూమి ఉండాలి. కూలివాడి పేరు తాటాకు దాకా వచ్చేది కాదు. యూరప్‌వాళ్లు మూడోవంతు మంది 16–25 ఏళ్లవాళ్లే ఉండాలని ముందే పెట్టుకున్నారు. ఆడా మగా, పల్లె పట్నం కూడా చూశారు. అంటే చీటీ తీయడంతో పాటు తూకం చూడడం కూడా ఉంది. ‘యాదృచ్ఛికం’లో ఈ తూకం కనబడదు.

చిత్తూరు నుంచి: పల్లెవాళ్లూ ఉంటే ‘పౌరులు’ ఎలా సార్? పౌరుడంటే పురంలో ఉండేవాడు. పల్లెవాడు జానపదుడు. అందుకే పాతవాళ్లు ‘పౌరజానపదులు’ అన్నారు.

నేను: ఇప్పుడు జానపదులంటే పాటలు పాడేవాళ్లని అనుకుంటారన్నా!

కుప్పం నుంచి: ఆ యూరప్ ప్యానెళ్లలో 24 భాషల్లో ఎవరి భాషలో వాళ్లు మాట్లాడారట, మధ్యలో అనువాదకులు. మా సంతకు రండి. ఒకే టమోటా బుట్టకు తెలుగులో, తమిళంలో, కన్నడంలో బేరం నడుస్తుంది. అనువాదకుడు ఎవరూ ఉండడు.

నేను: బేరానికి అక్కర్లేదు, నిజమే. కానీ పాలారు సంగతి? కర్ణాటకలో పుట్టి, మీ కుప్పం మీదుగా తమిళనాడుకు పోయే ఏరు. దాని తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ మాట్లాడేది లాయర్లే. గట్టు మీద రైతు పేరుతో ఏ రాష్ట్రమూ చీటీ తీయలేదు.

కుప్పం నుంచి: తీస్తే ముందు మా నాయన పేరే రావాల. నీళ్ల మీద మూడు భాషల్లో తిట్టగలడు.

నేను: ‘చీటీ తీసి పిలిచిన మామూలు జనం’ అని మార్చాను. చివర్లో 49 ప్రతిపాదనలు తేలాయనీ రాశాను. వదినకు మళ్లీ చూపించాను. ‘‘పిలిస్తే అందరూ వచ్చేశారా? కూలి ఎవరిచ్చారు?’’ అంది. వ్యాసంలో ఆ పేరా ఇంకా రాయాలి.